హాస్య నవల బుల్లితెరకెక్కితే : ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ ఆధారంగా ఒక పరిశీలన

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు. ఆ నాలుగు విధాలేవో విడమరచి చెప్పిన పెద్దలను నేనెరుగను. నాకు తోచినంతలో వాటిలో మొదటిది, ఒకరిని చూసి నవ్వవలసిన చోట మరొకరిని చూసి నవ్వడం. మాటల సందర్భంలో ఈ పొరపాటు జరిగితే ఒక స్నేహం చెడుతుంది. ఒక హాస్య నవలను టెలివిజన్ ధారావాహికగా మలచేటప్పుడు జరిగితే ఆ గ్రంథమే చెడుతుంది. నవలలో ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు అన్న ప్రశ్నకు ఈ వ్యాసంలో నాకు తెలిసినంత మేరకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

గత విద్యాసంవత్సరంలో మన కళాశాల విద్యార్థులు కొందరు నా వద్దకు వచ్చి, వార్షికోత్సవానికి ఏటేటా వేసే ఏకాంకికకు బదులు ఈసారి ఒక తెలుగు నవలలోని ఘట్టాన్ని టెలివిజన్ పద్ధతిలో చిత్రీకరించి సభామందిరంలో ప్రదర్శిస్తామని కోరారు. కెమెరా ఇప్పుడు ప్రతివారి జేబులోనూ ఉన్నది గనుక వారి కోరిక అసాధ్యమైనది కాదు. “హాస్యం ఉండాలి సార్, కొంచెం మాయ కూడా ఉండాలి” అన్నారు. హాస్యమూ అద్భుతమూ కలిసిన తెలుగు నవల అనగానే నాకు స్ఫురించినది విశ్వనాథ సత్యనారాయణగారి ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’. ఆ నవలను బుల్లితెరకు తేవడమనే ఆలోచన కొత్తదేమీ కాదు. కాని ఆలోచన వేరు, పని వేరు. పనిలో దిగిన తర్వాత మాకు ఎదురైన చిక్కులే ఈ వ్యాసానికి మూలం.

నవల స్వరూపం

విశ్వనాథవారిని (1895–1976) మన విద్యార్థులు పేరు వినగానే భయపడే మహాకవిగా మాత్రమే ఎరుగుదురు. ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షము’ రచించి 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని పొందిన ఆయన, తెలుగువారిలో ఆ గౌరవం అందుకొన్న మొదటి రచయిత. మన విశాఖపట్నంతో కూడా ఆయన సాహిత్య జీవితానికి ఒక ముడి ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో ఆయన ‘వేయిపడగలు’, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ బహుమతిని పంచుకొన్నాయి. ఆయన ‘ఏకవీర’ 1969లో చలనచిత్రంగా వచ్చినది. తన నవలల్లో చాలావాటిని ఆయన ఆశువుగా చెబుతూ ఉండగా ఇతరులు వ్రాసుకొన్నారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. నోటితో చెప్పిన నవలలో చదివేవాడికంటె ముందు వినేవాడు ఉంటాడు. తెరకు ఎక్కించదలచినవారికి ఇది మొదటి అనుకూలత.

ఇంతటి గంభీరుడు వ్రాసిన హాస్య నవల ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’. దాని కథాబీజం చాలా చిన్నది. కథకునికి కలలో ఇద్దరు మహానుభావులు ప్రత్యక్షమవుతారు. ఒకరు పంచతంత్ర కర్త విష్ణుశర్మ, మరొకరు మహాభారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి. వచ్చిన పని ఇంగ్లీషు నేర్చుకోవడం. స్వర్గస్థులైన పండితులకు ఈ భాష ఎందుకు, దీనిని వారికి ఎలా చెప్పాలి అన్న సంకటంలో కథకుడు పడతాడు. అటుపిమ్మట జరిగేదంతా పాఠం. ఆ పాఠంలో గురువు తడబడుతూ ఉంటే శిష్యుడు ప్రశ్నలు వేస్తూ ఉంటాడు.

పంచతంత్రం చదివినవారికి ఇందులోని చమత్కారం వెంటనే బోధపడుతుంది. అమరశక్తి అనే రాజుకు మందబుద్ధులైన కుమారులు ముగ్గురు. వారిని ఆరు నెలలలో నీతిశాస్త్ర కోవిదులను చేస్తానని ప్రతిజ్ఞ పట్టినవాడు విష్ణుశర్మ. అటువంటి గురువు ఇప్పుడు పలక పట్టుకొని శిష్యుడుగా కూర్చున్నాడు. బోధనలో అంతటి ప్రజ్ఞావంతుడు శిష్యుడైతే, పాఠం చెప్పేవాడి లోపం ఒక్కటి కూడా దాగదు. ఈ నవలలో మనం నవ్వేది ఇంగ్లీషు రాని ఆ పండితులను చూసి కాదు. ఇంగ్లీషు వచ్చిన మనను చూసి. ఎందుకు ఏమిటని ఒక్కనాడైనా అడగకుండా నేర్చుకొని, అడగనివ్వకుండా నేర్పుతున్న మనను చూసి.

ఇద్దరు యాత్రికులు

రచయిత ఈ ఇద్దరినే ఎందుకు పిలిచారన్నది ఆలోచించదగిన విషయం. ఆయన మనసులో ఏమున్నదో నేను చెప్పలేను గాని, ఒక రూపంలోని కథను మరొక రూపంలోకి మార్చేవారికి వీరిద్దరికంటె తగిన గురువులు దొరకరు.

విష్ణుశర్మ గ్రంథం బహుశః భారతదేశం నుండి బయలుదేరిన కథలన్నిటిలోనూ ఎక్కువ దూరం నడిచినది. క్రీస్తుశకం 6వ శతాబ్దిలో ఇరాన్ చక్రవర్తి నౌషేర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు దానిని పహ్లవీ భాషలోకి మార్చాడు. 8వ శతాబ్దిలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దానిని అరబ్బీలోకి తెచ్చి ‘కలీలా వ దిమ్నా’ అన్నాడు. మన కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. 15వ శతాబ్ది చివర హుసేన్ వాయిజ్ కాషిఫీ ఫారసీలో ‘అన్వారె సుహేలీ’ రచించాడు. అక్బరు పాదుషా ఆజ్ఞపై అబుల్ ఫజల్ దానిని సరళం చేసి ‘ఇయారె దానిష్’ అన్నాడు. దాని నుండి 19వ శతాబ్ది తొలినాళ్ళలో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో హఫీజుద్దీన్ అహ్మద్ ఉర్దూ ‘ఖిరద్ అఫ్రోజ్’ను సిద్ధం చేశాడు. తెలుగులో పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ వెలువరించాడు. ఇంగ్లీషులోకి కూడా 1570లోనే థామస్ నార్త్ చేతిమీదుగా ఈ కథలు చేరాయి. అంటే ఇంగ్లీషు చదువుకు వచ్చిన విష్ణుశర్మ ఆ భాషకు నిజానికి కొత్తవాడు కాదు. ఆయన కథలు నాలుగు వందల యేండ్ల క్రిందటనే అక్కడికి వెళ్ళి కూర్చున్నాయి.

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థి ‘కలీలా దిమ్నా’ పేరు వింటాడు. తెలుగు విద్యార్థి ‘మిత్రలాభం’ చదువుతాడు. ఇద్దరూ పక్క పక్క బల్లలమీద కూర్చుంటారు. చదివేది ఒకే పుస్తకమని ఇద్దరికీ తెలియదు. నా ఉద్యోగంలో నేను చేయగలిగిన మంచిపని ఏదైనా ఉంటే, ఆ మాట ఇద్దరికీ చెప్పడమే.

ఇక తిక్కనగారు. నన్నయ విడిచిన ఆరణ్యపర్వశేషాన్ని ముట్టుకొనక, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను ఆయన ఆంధ్రీకరించారు. మాటకు మాట పెట్టి అనువదించడం ఆయన మార్గం కాదు. పాత్రల చేత మాట్లాడించడం, వారి ముఖకవళికలను, చేతి కదలికలను, మౌనాన్ని కూడా పద్యంలో చూపించడం ఆయన మార్గం. తిక్కన కవిత్వంలో నాటకీయత ఉన్నదని విమర్శకులందరూ ఏకగ్రీవంగా చెబుతారు. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే ఆయన గొప్ప చిత్రానువాద రచయిత.

ఒకరి గ్రంథం పద్నాలుగు వందల యేండ్లుగా వేషాలు మార్చుకొంటూ బ్రతికినది. మరొకరు పరభాషా గ్రంథానికి తెలుగు వేషం వేసి బ్రతికించారు. కనుక ఒక నవలను తెరకు మార్చడం అపచారమని అనేవారికి ఈ నవలలోని పాత్రలే సమాధానం. మార్చడం తప్పు కాదు. ఏమి మార్చామో తెలియకుండా మార్చడం తప్పు.

మొదటి చిక్కు : కల

నవలలో ‘నాకొక కల వచ్చినది’ అన్న అర్థంలో ఒక మాట వ్రాస్తే చాలు. పాఠకుడు ఒప్పుకొంటాడు, ఆ ఒప్పందం చివరిదాకా నిలుస్తుంది. తెరమీద కలను చూపించాలి. మా విద్యార్థులు మొదట చేసినది అందరూ చేసేదే. తెల్లని పొగ, థర్మోకోల్ మేఘాలు, నీలిరంగు దీపాలు, వెనుక వీణానాదం. చూచుకొంటే నవ్వు రాలేదు. కారణం ఏమిటని ఆలోచించగా ఒక సంగతి తెలిసింది. అద్భుతాన్ని అద్భుతంగా అలంకరిస్తే చూచేవాడు ఆశ్చర్యపడతాడు, నవ్వడు. అద్భుతం మామూలు వస్తువులాగా వచ్చి మన కుర్చీలో కూర్చుంటేనే నవ్వు పుడుతుంది.

ఈ రహస్యం తెలుగువారికి 1957లోనే తెలుసు. కె.వి. రెడ్డిగారి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. ఆ ఘట్టాలలో మనలను నవ్వించేది మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణ మాయాజాలం కాదు. సావిత్రి నడక. ఆ సుకుమారి శరీరంలో ఎస్.వి. రంగారావు గదాధారి నడుస్తూ ఉంటాడు. యంత్రతంత్రాలేవీ లేవు, ఒక భుజం విరుపు, ఒక అడుగు బరువు మాత్రమే. పింగళి నాగేంద్రరావుగారు ఆ చిత్రానికి సృష్టించిన వింత మాటలను కూడా పాత్రలు ఎంతో సహజంగా, అవి నిఘంటువులో ఉన్నట్లే పలుకుతాయి. అందువల్లనే ప్రజలు వాటిని తమ భాషలో కలుపుకొన్నారు.

ఈ పాఠం నేర్చుకొని మేము పొగను తీసివేశాము. రుషికొండ సముద్రతీరాన, ఉదయం ఆరుగంటల వెలుతురులో, నడకకు వచ్చినవారి మధ్య ఇద్దరు పంచెకట్టు పెద్దమనుషులు నడచి వస్తారు. దూరాన రేవులోనికి పిలుపు కోసం కాచుకొని ఉన్న ఓడలు. ఎవరూ వారిని వింతగా చూడరు. వారు ఒక యువకుని ఆపి, ఇంగ్లీషు చెప్పే పంతులుగారి ఇల్లెక్కడ అని అడుగుతారు. అంతే. కల అని చెప్పడానికి తరువాత కథకుడు నిద్ర లేచే దృశ్యం ఒకటి చాలినది.

రెండవ చిక్కు : అక్షరం

ఈ నవలలో హాస్యం చాలావరకు అక్షరాలలో, ఉచ్చారణలో, వ్యాకరణంలో ఉన్నది. పుస్తకంలో ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో కనిపిస్తుంది. పాఠకుడు దానిని మనసులో పలుకుకొని, పలుకుబడికీ వ్రాతకూ మధ్య ఉన్న ఎడాన్ని తానే కొలుచుకొంటాడు. తెరమీద మాట చెవికి వినిపిస్తుంది, అక్షరం కంటికి కనిపించదు. వ్రాతకూ పలుకుకూ మధ్య తగాదా తెగిపోతే హాస్యానికి ఆధారమే పోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నవలలోనిది కాదు, నేను కల్పించుకొన్నది. మన వర్ణమాలలో ‘క’ అన్న అక్షరం పేరూ ‘క’ యే, ధ్వనీ ‘క’ యే. ఇంగ్లీషులో ‘వ’కారం పలికే అక్షరం పేరు ‘డబ్ల్యు’. ఆ పేరులో ‘వ’ లేనే లేదు. ‘య’ పలికే అక్షరం పేరు ‘వై’. కొడుకుకు రామయ్య అని పేరు పెట్టి సుబ్బయ్యా అని పిలిచినట్లున్నదే అని ఒక శిష్యుడు అడిగితే గురువు ఏమి చెప్పగలడు? ఇటువంటి సంభాషణ తెరమీద పండాలంటే నల్లబల్ల కావాలి. కెమెరా మొదట అక్షరాన్ని చూపాలి, తరువాత గురువు నోటిని, ఆ తరువాత శిష్యుని కనుబొమ్మలను. ఈ మూడింటి వరుస తప్పితే హాస్యం తప్పుతుంది. శిష్యుని ముఖాన్ని ముందు చూపితే నవ్వవలసిన చోటు ముందే బయటపడుతుంది. పుస్తకంలో ఒక వాక్యం చేసే పనిని తెరమీద మూడు దృశ్యఖండాలు చేయాలి. చిత్రానువాదమంటే తక్కినదంతా ఇటువంటి లెక్కే.

ఈ ఘట్టం తయారవుతూ ఉండగా మా విద్యార్థినులలో ఒకామె ఒక ప్రశ్న వేసింది. “సార్, మన ఊరి పేరు బస్సుమీద ‘రు’తో ఉంటుంది, ఇంకొక బోర్డుమీద ‘ఋ’తో ఉంటుంది. మనం మాత్రం తక్కువా?” అన్నది. మరొక విద్యార్థి అందుకొని, ఉర్దూలో ‘స’కారానికి సే, సీన్, స్వాద్ అని మూడక్షరాలున్నాయి, ‘జ’కారానికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగున్నాయి, చిన్నప్పుడు వీటికోసం మౌల్వీసాబు చేత చెవి మెలి వేయించుకొన్నాను అన్నాడు. నేను చాలా సంతోషించాను. ఇంగ్లీషును చూసి నవ్వడం తేలిక. ఆ నవ్వు తిరిగి తన మీదికి కూడా వచ్చినప్పుడు తట్టుకొని నిలబడగలగడమే చదువు.

మూడవ చిక్కు : కథకుని గొంతు

హాస్య నవలలో సగం హాస్యం సంఘటనలో కాక, చెప్పే గొంతులో ఉంటుంది. తెరమీద ఆ గొంతును ఎక్కడ పెట్టాలన్నది ప్రపంచమంతటా చిత్రానువాదకులను వేధించిన సమస్య. ఇంగ్లండులో డగ్లస్ ఆడమ్స్ రచించిన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ అనే హాస్యాద్భుత కథ 1978లో రేడియో నాటికగా పుట్టి, 1979లో నవలగా వెలువడి, 1981లో బి.బి.సి. టెలివిజన్‌లో ఆరు భాగాలుగా వచ్చినది. అందులో కథను మధ్యలో ఆపి విశ్వంలోని వింతలను వివరించే ఒక కల్పిత గ్రంథం ఉన్నది. ఆ గ్రంథపు గొంతును అట్లే ఉంచి, దానికి కంప్యూటరు తెరవలె కనిపించే బొమ్మలు జోడించారు. ఆ బొమ్మలన్నీ నిజానికి చేతితో గీసినవే. టెరీ ప్రాచెట్, నీల్ గేమన్ కలిసి 1990లో ప్రకటించిన ‘గుడ్ ఓమెన్స్’ 2019లో ఆరు భాగాల ధారావాహిక అయినప్పుడు కూడా, పుస్తకంలోని వ్యాఖ్యానాన్ని ఒక కథకురాలి గొంతుకు అప్పగించారు.

మన దేశంలో ఈ సమస్యకు ఇంతకంటె గొప్ప పరిష్కారం ఒకటి ఉన్నది. 1988 నుండి 1990 వరకు దూరదర్శన్‌లో ప్రసారమైన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో కథ చెప్పేది వ్యాసుడు కాదు, సూతుడు కాదు, సాక్షాత్తు కాలం. ‘నేను సమయాన్ని’ అనే ఆ గొంతు దేశమంతా మారుమ్రోగింది. ఆ ధారావాహికకు సంభాషణలు వ్రాసినవాడు డాక్టర్ రాహీ మాసూమ్ రజా. ఆయన అలీగఢ్‌లో ఉర్దూ బోధించిన అధ్యాపకుడు. ఆయన పరిశోధన ‘తిలిస్మె హోష్‌రుబా’ మీద. ఉర్దూ దాస్తానులలో మాయకూ హాస్యానికీ పుట్టిల్లయిన గ్రంథమది. ఆ సాహిత్యంలో మునిగి తేలినవాడు మహాభారతానికి మాటలు వ్రాయడం వింత కాదు. అద్భుతాన్ని నమ్మదగిన మాటలలో చెప్పడమెలాగో ఆయనకు అక్కడే పట్టుబడి ఉండాలి. మన కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ అరలకూ తెలుగు అరలకూ మధ్య ఒక నడవా ఉన్నది. దానిని దాటడానికి నాలుగు అడుగులు చాలును. దాటేవారు తక్కువ.

మా ప్రయత్నంలో కథకుని గొంతును కథకుని పాత్రకే ఇచ్చాము. అతడు అప్పుడప్పుడు శిష్యులవైపు నుండి తిరిగి కెమెరావైపు చూసి, సాక్షిని అడిగినట్లు ప్రేక్షకుని అడుగుతాడు. అది రెండుమూడుసార్లకు మించరాదని నియమం పెట్టుకొన్నాము. మించితే అది ఉపన్యాసమవుతుంది.

నాలుగవ చిక్కు : కొలత

నవలకు కొలత లేదు, ధారావాహికకు ఉన్నది. వారానికొక అరగంట చొప్పున పదమూడు భాగాలు అన్నది దూరదర్శన్ కాలంలో మనకు బాగా పరిచయమైన రూపం. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ 1986లో ‘మాల్గుడి డేస్’గా తీసినప్పుడు చాలా కథలకు ఒక్కొక్క భాగం సులభంగా అమరింది. విశ్వనాథవారి నవల అటువంటిది కాదు. అందులో చర్చలు ఉన్నాయి, చర్చలో నుండి మరొక చర్చ పుడుతుంది. చదువుతూ ఉంటే అది ఆనందం, చూస్తూ ఉంటే భారం. కనుక కోత తప్పదు.

కోతకు నేను విద్యార్థులకు చెప్పిన సూత్రం ఇది. శిష్యుడు అడిగే ప్రశ్నలను ఉంచండి, గురువు చెప్పే సమాధానాలను తగ్గించండి. ప్రశ్నలో అమాయకత్వం ఉన్నది, అదే హాస్యం. సమాధానంలో రచయిత అభిప్రాయం ఉన్నది. విశ్వనాథవారి అభిప్రాయాలన్నిటితో నేను ఏకీభవించను. ఆయన ప్రాచీన వ్యవస్థను సమర్థించిన రచయిత, నేను వేరే కాలంలో, వేరే ఇంట పుట్టినవాడను. అయినప్పటికీ ఆయన ప్రశ్నలు నావి కూడా. పరాయి భాష నేర్చుకోవడం ఒకటి, దాని ముందు తలవంచడం మరొకటి అన్న తేడాను ఆయన పట్టుకొన్నారు. ఇంగ్లీషు రాకపోతే ఈ కొండమీది కంప్యూటరు కార్యాలయాలలో మన పిల్లలకు ఉద్యోగం రాదు. కనుక నేర్చుకోవలసినదే. విష్ణుశర్మ కూడా నేర్చుకోవడానికే వచ్చాడు గదా! ప్రశ్నించడం మానకుండా నేర్చుకోవాలన్నదే నవల నాకు చెప్పిన మాట.

అసలు చిక్కు : నవ్వు ఎటువైపు?

ఈ నాలుగూ పనితనానికి సంబంధించినవి. ఓపిక ఉంటే సర్దుకొంటాయి. ఐదవది అటువంటిది కాదు.

చిత్రీకరణకు ముందు విద్యార్థులు వ్రాసి తెచ్చిన ప్రతిలో నవలలో లేని ఒక పాత్ర ఉన్నది. కథకుని కళాశాలలో పనిచేసే అటెండరు సాయిబు. ‘నీకీ, నాకీ’ అంటూ విరిగిన తెలుగు మాట్లాడతాడు. వ్రాసినవాడు మా వాడే, తెలుగు చక్కగా మాట్లాడే కుర్రవాడు. ఎందుకు పెట్టావురా అని అడిగితే, “ఆ మాట వినగానే హాలంతా నవ్వుతుంది సార్, గ్యారంటీ” అన్నాడు. అతడు చెప్పినది నిజం. మన నాటకాలలో, చలనచిత్రాలలో చాలాకాలం సాయిబు తెలుగు ఒక గ్యారంటీ హాస్యం. అతడు దానిని చూస్తూ పెరిగాడు. అది తనను గురించినదని అతనికి తోచలేదు.

నేను అతనిని కోప్పడలేదు. నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చినది. నేను ఎం.ఏ. చదివే రోజులలో, తరగతిలో విరాటపర్వంలోని ఒక పద్యం చదవడానికి లేచి నిలబడ్డాను. నోరు తెరవకముందే వెనుక బల్లనుండి నవ్వు వినిపించింది. పద్యం సాఫీగానే చదివాను. ఎక్కడా తప్పు పోలేదు. అయినా ఆ నవ్వు పద్యం కంటె ముందు వచ్చినది గనుక, పద్యం దానిని తుడిచివేయలేకపోయినది. ఉమర్ ఆలీషా వంటి కవి పద్యాలల్లిన భాష ఇది. అయినా ఈ భాషలో నేను అతిథిననే కొందరి ఊహ.

ఆ కుర్రవానికి ఇదంతా చెప్పి, ఒక్క ప్రశ్న అడిగాను. “ఈ నవలలో నవ్వు ఎవరిమీద పడుతున్నది?” కొంతసేపు ఆలోచించి, “ఇంగ్లీషు వచ్చినవాళ్ళమీద” అన్నాడు. “మరి నీ పాత్ర వస్తే?” “తెలుగు రానివాడిమీద” అన్నాడు. అనగానే అతని ముఖం మారినది. నేను వేరే వివరించవలసిన అవసరం కలుగలేదు.

ఒక భాష రానివానిని చూసి నవ్వడమే లోకరీతి. ఆ రీతిని తలక్రిందులు చేయడానికే విష్ణుశర్మ, తిక్కనలు స్వర్గం నుండి దిగివచ్చారు. వారి పక్కనే మరొక భాష రానివానిని నిలబెట్టి నవ్వితే, నవలలోని ప్రతి వాక్యాన్నీ యథాతథంగా ఉంచినా నవల మిగలదు. దీనికి ఎదురుగా, కథ జరిగే ఊరిని మార్చినా, కాలాన్ని మార్చినా, పొగను తీసి సముద్రతీరం పెట్టినా నవలకు హాని లేదు. ఆరంభంలో వేసుకొన్న ప్రశ్నకు నా సమాధానం ఇదే. అన్నీ మార్చవచ్చును, నవ్వు పోయే దిక్కును మాత్రం మార్చరాదు.

ఆ కుర్రవాడు పాత్రను తీసివేస్తానన్నాడు. వద్దన్నాను. మరునాడు తిరగవ్రాసి తెచ్చాడు. కొత్త ప్రతిలో అటెండరు మన ఊరివారు మాట్లాడే మామూలు తెలుగే మాట్లాడతాడు. ఒకే ధ్వనికి ఇన్ని అక్షరాలెందుకని విష్ణుశర్మ అడిగిన ప్రశ్నకు పంతులుగారు నీళ్ళు నములుతూ ఉండగా, టీ గ్లాసులు తీసుకొని వెళుతున్న అటెండరు ఆగి, “మా ఉర్దూలో ‘స’లు మూడున్నాయండి పంతులుగారూ! అరబ్బీ ఇంటినుంచి వచ్చేటప్పుడు దేని పలుకు దానికే ఉండేది. మా ఇంటికొచ్చేసరికి పలుకులు కలిసిపోయాయి, అక్షరాలు మాత్రం మిగిలాయి. వచ్చిన చుట్టాన్ని పొమ్మనలేం గదండీ!” అంటాడు. విష్ణుశర్మ లేచి నిలబడి అతనికి నమస్కరిస్తాడు. ఆ పూట పాఠం చెప్పినవాడు అతడే.

మహారచయిత నవలలో లేని పాత్రను చేర్చడం ఉచితమేనా అని కళాశాల సంఘ సభ్యులలో ఒక పెద్దాయన సందేహం వెలిబుచ్చారు. సమంజసమైన సందేహమే. తిక్కనగారు కూడా మూలంలో లేని మాటలను పాత్రల నోట పలికించారనీ, ఆ మాటలు మూలానికి ఎదురు తిరగలేదు గనుకనే ఏడువందల యేండ్లుగా మనం వాటిని నెత్తిన పెట్టుకొన్నామనీ మనవి చేశాను. ఆయన పూర్తిగా ఒప్పుకొన్నారని చెప్పలేను. ప్రదర్శననాడు మాత్రం ముందు వరుసలోనే కూర్చున్నారు.

పద్దెనిమిది నిమిషాల ఆ చిత్రంలో లోపాలకు కొదువ లేదు. గాలి హోరులో కొన్ని మాటలు వినబడలేదు. తిక్కనగారి గడ్డం ఒకచోట జారినది. అటెండరు మాటకు హాలంతా గొల్లున నవ్వుతుందని మేము అనుకోలేదు, నవ్వలేదు కూడా. వెనుక వరుసలలోని తల్లులలో కొందరు, ఇంగ్లీషూ రాక తెలుగూ అంతగా చదవడం రానివారు, ముందుగా నవ్వారు. వారి నుండి ఆ నవ్వు ముందు వరుసలకు వచ్చినది. ఆ కుర్రవాడు తెర పక్కన నిలబడి వింటూ ఉన్నాడు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ధారావాహికలు వ్రాస్తారు, కొందరు తీస్తారు, తక్కినవారమందరమూ చూస్తాము. వ్రాసేవారు గాని, చూచేవారు గాని ప్రతి హాస్య సన్నివేశం వద్దనూ ఒక్క క్షణం ఆగి, ఈ నవ్వు ఎటువైపు పోతున్నదని అడుగవలసిందిగా నా విన్నపం. ఆ ప్రశ్న అడగడం అలవాటైతే విశ్వనాథవారి నవలను మీరు తప్పక చదువుతారు. చదివిన తరువాత మా చిత్రంలోని లోపాలు మీకు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అవి సరిదిద్దే పని వచ్చే సంవత్సరపు విద్యార్థులకు వదలి, ఇంతటితో విరమిస్తున్నాను.